తెల్లచొక్కా ముసాఫిర్లు



దీన్ కోసం ఇల్లు వదిలి ఊళ్లు తిరిగేవాళ్లను తూచడానికి మన దగ్గర రెండు తరాజులు ఉన్నాయి. తిరిగేవాడు మనవాడైతే "మాషా అల్లాహ్, అల్లాహ్ దారిలో బయల్దేరాడు" అంటాం. పరాయివాడైతే "వీడికి ఎవరో పైసలిచ్చి పంపారు" అంటాం. పక్కవాళ్లు మనల్ని తూచేటప్పుడు కూడా సరిగ్గా ఇదే పని చేస్తారు. అప్పుడు మాత్రం మనకు దిల్ మండుతుంది.

ఈ రెండు తరాజుల సంగతి మాట్లాడుకోవడానికి, మనకు బొత్తిగా పరాయివాళ్లయిన కొందరు పిల్లల్ని మిసాల్‌గా తీసుకుంటాను. తెల్లచొక్కా, టై, జేబు దగ్గర నల్లటి పేరు బిళ్ల, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా నడిచే మోర్మన్ మిషనరీలు. అమెరికాలోనో యూరప్‌లోనో చుట్టాలు ఉన్నవాళ్లు వీళ్లను చూసే ఉంటారు.

మోర్మన్లు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్ల జమాత్ అసలు పేరు చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్. 1830 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు మొదలుపెట్టాడు. ఇప్పుడు వాళ్ల మర్కజ్ యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. బైబిల్‌తో పాటు మోర్మన్ గ్రంథం అనే మరో కితాబును వాళ్లు నమ్ముతారు. జోసెఫ్ స్మిత్‌ను పైగంబర్ అంటారు. ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. ఖత్మె నబువ్వత్ మీద యకీన్ ఉన్న నాకు ఈ అఖీదా ఒప్పుదల కాదు. మిగతా క్రైస్తవుల్లో చాలామందికీ ఒప్పుదల కాదు. నేను మాట్లాడేది ఆ అఖీదా గురించి కాదు. పద్దెనిమిదేళ్లకే ఇల్లు వదిలి వెళ్లే ఆ పిల్లల జిందగీ గురించి.

ముందు పైసల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మొదటి షక్ అక్కడే పుడుతుంది. ఈ పిల్లలకు జీతం లేదు. పైగా ఎదురు పెట్టుకుంటారు. అమెరికా నుంచి వెళ్లే కుర్రాడి తరఫున నెలకు 400 డాలర్లు కట్టేవారు, 2020 జూలై నుంచి అది 500 అయింది. అబ్బాయిలకు రెండేళ్లు, అంటే 12,000 డాలర్లు. అమ్మాయిలకు ఏడాదిన్నర. ఖర్చు ఎక్కువయ్యే జపాన్ వెళ్లినా, తక్కువయ్యే పెరూ వెళ్లినా అందరూ కట్టేది ఒకటే, అందరి పైసలూ ఒకచోట వేసి పంచుతారు. చాలామంది పిల్లలు స్కూల్లో ఉన్నప్పటి నుంచే చిన్న చిన్న పనులు చేసి దీనికోసం దాచుకుంటారు. తక్కువ పడితే అమ్మానాన్నలు, వాళ్ల చర్చి వాళ్లు కలుపుతారు.

ఎక్కడికి వెళ్లాలో వాడు ఎంచుకోడు. దరఖాస్తు పెడితే మర్కజ్ నుంచి పిలుపు వస్తుంది. బ్రెజిల్ కావచ్చు, మంగోలియా కావచ్చు, పక్క రాష్ట్రమే కావచ్చు. పరాయి జబాన్ అయితే శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు తాలీమ్ ఇచ్చి పంపేస్తారు. మిగతాది వీధుల్లో, జనం నవ్వుతుంటే నేర్చుకోవాల్సిందే. అక్కడికి వెళ్లాక వాడి చిన్నపేరుతో ఎవరూ పిలవరు. అబ్బాయి అయితే ఎల్డర్, అమ్మాయి అయితే సిస్టర్, దాని పక్కన ఇంటిపేరు. పద్దెనిమిదేళ్ల మీసాలు రాని పిల్లవాడిని "ఎల్డర్" అంటే పెద్దమనిషి అని పిలవడం కాస్త తమాషాగానే ఉంటుంది.

ఇక వాళ్ల వారం చూడండి. పొద్దున ఆరున్నర ప్రాంతంలో లేస్తారు. కాసేపు కసరత్, నాష్తా, తర్వాత ఒంటరిగా కితాబు చదవడం, ఆపైన జతగాడితో కలిసి చదవడం, జబాన్ నేర్చుకోవడం. తర్వాత బయటపడితే రాత్రి తొమ్మిది దాకా వీధుల్లోనే. తలుపులు తట్టడం, బస్టాపుల్లో మనుషుల్ని పలకరించడం, రమ్మన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పడం. ఎవరింట్లోనో సామాన్లు మోయడం, ముసలావిడ తోటలో గడ్డి కోయడం, వలస వచ్చినవాళ్లకు ముఫ్త్‌గా ఇంగ్లిష్ నేర్పడం కూడా ఆ పనిలోనే ఉంటాయి. పదిన్నరకల్లా దీపం ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, ప్రేమ వ్యవహారాలు అసలే లేవు. చాయ్, కాఫీ, సిగరెట్, షరాబ్ మిషనరీలకే కాదు, వాళ్ల జమాత్ మొత్తానికీ మనా.

జతగాడు అన్నాను కదా, ఇరవై నాలుగు గంటలూ ఆ ఒక్కడితోనే ఉండాలి. ఒకరి చూపుకు ఒకరు అందాలి. వాడిని వీడు ఎంచుకోలేదు, వీడిని వాడు ఎంచుకోలేదు. ఒకడు యూటా పల్లెటూరి రైతు కొడుకు, ఇంకొకడు ఫిలిప్పీన్స్ నగరంలో పుట్టినవాడు కావచ్చు. ఒకడికి గురక, ఒకడికి కోపం. వారానికోసారి ఇద్దరూ కూర్చొని వచ్చే వారం పని మాట్లాడుకుంటారు. అదే మష్వరాలో, నీ వల్ల నాకు తక్లీఫ్ ఎక్కడ అవుతోంది, నా వల్ల నీకు ఎక్కడ అవుతోంది అని కూడా చెప్పుకోవాలి. పెళ్లై ముప్పై ఏళ్లైన జంటలు కూడా ఇలా కూర్చోవడం నేను చూడలేదు. సరే, నెమ్మదిగా ఇద్దరికీ కుదిరిందనుకునేసరికి ఆరు వారాలకోసారి జరిగే బదిలీల్లో ఎవరో ఒకరిని వేరే ఊరికి పంపేయవచ్చు.

సోమవారం మామూలుగా ఖాళీ రోజు. బట్టలు ఉతుక్కోవడం, వారం సరుకులు, హజామత్, కాస్త ఫుట్‌బాల్, ఇంటికి ఉత్తరం. సాయంత్రం అయ్యేసరికి మళ్లీ తెల్లచొక్కా వేసుకోవాలి. 2019 ఫిబ్రవరి దాకా ఈ పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకునేది ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకు ఒకటి. మిగతా వారాలన్నీ ఉత్తరమే. ఇప్పుడు వారానికోసారి అమ్మతో మాట్లాడనిస్తున్నారు. ఆదివారం నమ్మినవాళ్లతో కలిసి ఇబాదత్. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం, ఆ మిగిలిన తిండి పైసలు గరీబుల కోసం ఇవ్వడం వాళ్ల రివాజు. రోజా, సదఖా తెలిసిన మనకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఇదంతా ఎవరో చెప్పగా విన్నది మాత్రమే కాదు. మా ఆపా కొడుకు ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటాడు. అక్కడ మూడు నెలలు ఉన్నప్పుడు ఇద్దరు పిల్లలు తలుపు తట్టారు. వాన పడుతోంది, లోపలికి రమ్మన్నాను. మా బహూ అలవాటు కొద్దీ చాయ్ పెట్టబోయింది. వాళ్లు సిగ్గుపడుతూ మంచినీళ్లు చాలన్నారు. మా బహూకు అదొక అవమానంలా తోచింది, ఇంటికొచ్చిన మెహమాన్ చాయ్ వద్దనడం ఏమిటని. సంగతి చెప్పాక వేడి పాలల్లో ఏలకులు వేసి ఇచ్చింది. తాగారు. మతం మాట ఎత్తబోయినప్పుడు, "బేటా, నా దీన్ నాకు ఉంది, అది మారేది కాదు, వేరే ఏమైనా మాట్లాడుకుందాం" అన్నాను. చిన్నవాడు పెద్దవాడి మొహం చూశాడు. పెద్దవాడు నవ్వి "సరే సర్" అన్నాడు. తర్వాత గంటసేపు వాళ్ల వారం గురించే అడిగాను. తలుపు మొహాన మూసేస్తే కష్టంగా ఉండదా అంటే, చిన్నవాడు "అది రెండో వారానికే అలవాటైపోయింది, సోమవారం అమ్మతో ఫోన్ పెట్టేశాక మధ్యాహ్నం గడవడమే కష్టం" అన్నాడు. వెళ్లేటప్పుడు గేటు దగ్గరున్న చెత్త డబ్బాలు వీధి చివరికి లాక్కెళ్లి పెట్టారు.

ఆ ఊరికి వాళ్లు రావడం కొత్త కాదు. 1837 జూలైలో అమెరికా నుంచి వచ్చిన మొదటి మోర్మన్ బృందం ప్రెస్టన్‌లోనే పని మొదలుపెట్టింది. అక్కడి రిబుల్ నదిలోనే ఇంగ్లండ్ తొలి బాప్తిస్మాలు జరిగాయి. దగ్గర్లోని చోర్లీలో 1998లో పెద్ద ఆలయం కట్టుకున్నారు. అదే ప్రెస్టన్‌లో, పక్కనున్న బ్లాక్‌బర్న్, బోల్టన్‌లలో గుజరాతీ ముసల్మానులు వేలల్లో ఉన్నారు. అక్కడికి కారులో కాస్త దూరం వెళ్తే డ్యూస్‌బరీ, యూరప్‌లో తబ్లీగ్ జమాత్ పెద్ద మర్కజ్. ఒక వీధిలో తెల్లచొక్కా ఇద్దరు, ఇంకో వీధిలో తెల్ల కుర్తా నలుగురు తలుపులు తట్టుకుంటూ వెళ్లడం ఆ ప్రాంతంలో మామూలు విషయం.

పోలిక మీకూ తట్టే ఉంటుంది. 1920లలో మేవాత్‌లో మౌలానా ఇలియాస్ సాబ్ మొదలుపెట్టిన జమాత్‌లోనూ ఇదే పద్ధతి. సొంత ఖర్చు, సొంత బిస్తర్. నెలకు మూడు రోజులు, ఏడాదికి ఒక చిల్లా, జిందగీలో నాలుగు నెలలు. అసర్ తర్వాత గష్త్, రాత్రి మష్వరా, మస్జిద్‌లో చాప మీద నిద్ర. వరంగల్‌లో కిరాణా దుకాణం నడిపే మనిషి అస్సాంలోని ఏదో మస్జిద్ వరండాలో ఉల్లిగడ్డలు కోస్తూ కనిపిస్తాడు. ఒక పెద్ద ఫరఖ్ ఉంది. జమాత్ వాళ్లు వెళ్లేది ముసల్మానుల ఇళ్లకే, నమాజ్‌కు రమ్మని. మోర్మన్ పిల్లవాడు మాత్రం ఎవరింటికైనా వెళ్తాడు, తన మతంలోకి రమ్మంటాడు. ఆ ఫరఖ్‌ను దాచి రెండూ ఒకటే అనడం ఇన్సాఫ్ కాదు. కానీ ఇల్లు వదలడం, ఇష్టంలేని జతగాడితో సర్దుకోవడం, మూసిన తలుపు ముందు సలాం చెప్పి కదిలిపోవడం, వీటితో మనిషిలో వచ్చే మెత్తదనం ఇద్దరిలోనూ చూశాను.

మరి వీళ్లలో లోపం లేదా? ఉంది. అది చెప్పకపోతే నేను వకీల్‌ని అవుతాను కానీ రాసేవాడిని కాను. ఇలాంటి జిందగీని తూచడానికి నాకు తెలిసిన ఖరా తరాజు ఒకటే. "వద్దు" అనే మాటకు ఎంత ఇజ్జత్ ఇస్తున్నారు? ఇందులో రెండు వద్దులు ఉన్నాయి. తలుపు లోపలున్నవాడి వద్దు. తలుపు తట్టే పిల్లవాడి వద్దు.

మొదటిదాంట్లో వాళ్ల చరిత్రలో మచ్చలున్నాయి. 1960ల మొదట్లో ఇదే ఇంగ్లండ్‌లో బేస్‌బాల్ ఆట పేరుతో కుర్రాళ్లను పోగుచేసి బాప్తిస్మాలు ఇచ్చారు. లెక్క పెరగాలి, అంతే. ఆ పిల్లల్లో చాలామందికి తాము ఏ మతంలో చేరామో కూడా తెలియదు. తర్వాత ఎన్నో పేర్లు రిజిస్టర్ల నుంచి కొట్టేయాల్సి వచ్చింది. ఇప్పటికీ మిషనరీలు వారం వారం లెక్క పంపాలి. ఎంతమందికి పాఠం చెప్పారు, ఎంతమంది చర్చికి వచ్చారు, ఇలా. మనుషుల దిల్‌ను అంకెల్లో రాసుకునే చోట తొందర పుడుతుంది, తొందర నుంచి జబర్దస్తీ పుడుతుంది. దీన్ విషయంలో జబర్దస్తీ పనికిరాదని ఖుర్ఆన్ తాలీమ్ వింటూ పెరిగిన మనం ఈ మాట వాళ్లకు చెప్పవచ్చు, ముందు మనకు మనం చెప్పుకున్నాక.

రెండో వద్దు ఇంకా నాజూకైంది. అబ్బాయిలకు మిషన్ ఫర్జ్ లాంటిదని వాళ్ల జమాత్ చెబుతుంది. అమ్మాయిలకు ఇష్టమైతేనే. 2012లో అబ్బాయిల వయసు 19 నుంచి 18కి, అమ్మాయిలది 21 నుంచి 19కి తగ్గించగానే వెళ్లేవాళ్లు ఎగబడ్డారు. ఎవరూ మెడ పట్టి తోయరు, నిజమే. కానీ నాన్న వెళ్లాడు, అన్న వెళ్లాడు, దోస్తులంతా వెళ్తున్నారు, పెళ్లి చూపుల్లోనూ "మిషన్ చేశావా" అని అడుగుతారు. అలాంటి ఊళ్లో పద్దెనిమిదేళ్లవాడు నాకు వద్దు అనడానికి ఎంత హిమ్మత్ కావాలి? వెళ్లి, అక్కడ మనసు బాగోక, నిద్ర పట్టక మధ్యలో తిరిగి వచ్చిన పిల్లల కష్టం ఇంకా ఎక్కువ. ఎయిర్‌పోర్టులో స్వాగతం పలికే బ్యానర్లు వాళ్లకు ఉండవు. ఏం తప్పు చేసి వచ్చాడో అని గుసగుసలు ఉంటాయి. ఈ పద్ధతి మారాలని వాళ్లలోనే చాలామంది మాట్లాడుతున్నారు, అది వాళ్ల గొప్ప.

దోస్తులారా, మన మొహల్లాలో ఇది లేదా? సెలవుల్లో పిల్లవాడిని అడగకుండానే చిల్లాకు పేరు రాయించే అబ్బాలు నాకు తెలుసు. హిఫ్జ్ మధ్యలో ఆపేసిన పిల్లవాడిని రిష్తేదారులు ఎలా చూస్తారో మీకూ తెలుసు. పిల్లవాడి నియ్యత్ వాడి దిల్‌లోంచి రావాలి. అబ్బా నియ్యత్‌ను కొడుకు నెత్తిన పెడితే వాడు నడుస్తాడు కానీ, ఆ నడక సవాబ్ ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచించండి.

ఇప్పుడు మొదట చెప్పిన రెండు తరాజుల దగ్గరకు వస్తాను. 2020 మార్చి గుర్తుందా? కరోనా వచ్చింది. దేశదేశాల్లో ఉన్న మోర్మన్ పిల్లల్ని వేలాదిగా వెనక్కి తెచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి ప్రత్యేక విమానాలు వేశారు. సాల్ట్ లేక్ ఎయిర్‌పోర్టులో ఆ పిల్లల కోసం వందలాది కుటుంబాలు గుమిగూడాయి. గుంపులు కూడొద్దని అప్పటికే చెప్పి ఉన్నారు. అధికారులు మందలించారు, ఆ తర్వాత వచ్చే విమానాలకు నిబంధనలు బిగించారు. అంతటితో అయిపోయింది. ఆ పిల్లల్ని ఎవరూ రోగం మోసుకొచ్చిన సాజిష్ అనలేదు.

అదే మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జమాత్ వాళ్లు చిక్కుకున్నారు. మన కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా జమాత్‌లో కరోనా బయటపడింది. మర్కజ్ జిమ్మేదార్లు ఇంకా ముందే జాగ్రత్త పడి ఉండాల్సింది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత టీవీల్లో ఏం నడిచింది? ఒక రోగానికి మజ్హబ్ అంటగట్టారు. కూరగాయల బండివాడి పేరు అడిగి వెళ్లగొట్టారు. విదేశాల నుంచి వచ్చిన ముసాఫిర్ల మీద కేసులు పెట్టారు. 2020 ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారన్న అనుమానం వ్యక్తం చేసింది. ఆ డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయుల్ని నిర్దోషులుగా వదిలేసింది. ఆ ముసాఫిర్లకు చోటిచ్చారని కేసులు పడ్డ 70 మంది భారతీయులకు 2025 జూలైలో గానీ ఢిల్లీ హైకోర్టులో ఇన్సాఫ్ దొరకలేదు. మెహమాన్ నవాజీ చేసినందుకు ఐదేళ్లు.

ఒకే నెల, ఒకే రోగం. ఇద్దరూ ఇల్లు వదిలి వెళ్లిన ముసాఫిర్లే. చొక్కా వేరు, దేశం వేరు, అందుకే తరాజు వేరు. అలాగని మోర్మన్లు ఎప్పుడూ సుఖంగా ఉన్నవాళ్లూ కాదు. 1838లో మిస్సోరీ గవర్నర్ వాళ్లను రాష్ట్రం నుంచి తరిమేయండి, లేదంటే నిర్మూలించండి అని హుకుం జారీ చేశాడు. 1844లో జోసెఫ్ స్మిత్‌ను జైల్లోనే మూక చంపేసింది. ఆ మిస్సోరీ హుకుంను అధికారికంగా రద్దు చేయడానికి 1976 దాకా పట్టింది. రష్యాలో 2016 చట్టం తర్వాత ఈ పిల్లలు తమను తాము మిషనరీలు అని కూడా చెప్పుకోవడం లేదు, వలంటీర్లు అంటారు, తలుపులు తట్టరు. షక్ అనేది ఎప్పుడు ఎవరి మీద వాలుతుందో చెప్పలేం.

హైదరాబాద్‌తోనూ వీళ్లకు రిష్తా ఉంది. మన తెలుగువాళ్లు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉన్నప్పుడు 1977లో ఈ చర్చిలో చేరారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చి తమ చుట్టాలకు చెప్పుకున్నారు. ఇరవై మందికి పైగా చేరారు. మోర్మన్ గ్రంథం తెలుగులోనూ ఉంది. 2012లో దేశంలోనే వాళ్ల మొదటి స్టేక్, అంటే కొన్ని చర్చిల కూటమి, హైదరాబాద్‌లో ఏర్పడింది. తెలుగు ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఈ నల్ల బిళ్ల పెట్టుకుని బయల్దేరుతున్నారు. మన రాజ్యాంగం 25వ అధికరణ నమ్మే హక్కుతో పాటు ప్రచారం చేసుకునే హక్కూ రాసి పెట్టింది. జబర్దస్తీగా మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. నాకు ఈ రెండూ కావాలి. తట్టేవాడికి భయం ఉండకూడదు, తీసేవాడికి బలవంతం ఉండకూడదు.

కాబట్టి ఎప్పుడైనా మీ తలుపు ఇలాంటి పిల్లలు తడితే, వాళ్ల మాట వినాల్సిన పని లేదు. వాళ్ల కితాబు తీసుకోవాల్సిన పని లేదు. మొహం మీద తలుపు వేయకండి, అంతే. ఎండగా ఉంటే నీళ్లు ఇవ్వండి, చాయ్ వద్దంటే బుర్రా చేసుకోకండి. "నాకు వద్దు బేటా" అని నవ్వుతూ చెప్పండి. అప్పుడు వాడు ఏం చేస్తాడో చూడండి. సలాం చెప్పి వెళ్లిపోతే వాడికి తాలీమ్ సరిగ్గా ఇచ్చారన్నమాట. వదలకుండా వెంటపడితే గట్టిగా చెప్పే హక్కు మీకుంది. మన జమాత్ వాళ్లు వేరేవాళ్ల వీధిలో నడిచేటప్పుడు మనం కోరుకునేది కూడా ఇంతే కదా.

ఇక మీ ఇంట్లోనే అలా బయల్దేరాలనుకునే పిల్లవాడు ఉంటే, బిస్తర్ కట్టే ముందు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నీకు ఇష్టమేనా అని. మధ్యలో వచ్చేయాలనిపిస్తే వచ్చేయి, దస్తర్ఖాన్ మీద నీ పళ్లెం ఉంటుంది అని చెప్పండి. ఆ మాట విని వెళ్లిన పిల్లవాడే తలుపు లోపలివాడి "వద్దు"కు కూడా ఇజ్జత్ ఇస్తాడని నా యకీన్.

ఖుదా హాఫిజ్.